ఇద్దరూ ఒప్పుకుంటేనే బండి కదిలేది

మన సంఘం స్వర్ణోత్సవ సంచికకు ఏదైనా రాయమని సంపాదకవర్గం మిత్రులు అడిగారు. బడి జ్ఞాపకాలు నాకంటే బాగా రాయగలవాళ్ళు మనలో చాలామంది ఉన్నారు. అందుకని నాకు తెలిసిన పని గురించి రాస్తానన్నాను. ముప్పై ఏళ్ళుగా నా పని రైలు సిగ్నళ్ళతో. ఆ మాట చెబితే, "అంటే ఎర్రదీపం, పచ్చదీపం వెలిగించడమేనా?" అని మన మాస్టార్లు ఇప్పటికీ నవ్వుతారు. దీపాలు అందులో చిన్న భాగం. మనిషి మాటను యంత్రం ఎంతవరకు నమ్మాలి, యంత్రం మాటను మనిషి ఎంతవరకు నమ్మాలి, అసలు పనంతా ఈ రెండు ప్రశ్నల్లోనే ఉంది.

ఇవాళ కృత్రిమ మేధ గురించి, డ్రైవరు లేని కార్ల గురించి ప్రతి ఇంట్లోనూ చర్చ నడుస్తోంది. యంత్రానికి అంతా అప్పజెప్పవచ్చా అన్నది కొత్త ప్రశ్న అనుకుంటున్నాం. రైళ్ళవాళ్ళు ఈ ప్రశ్నతో నూట యాభై ఏళ్ళకు పైగా కాపురం చేస్తున్నారు. వాళ్ళు నేర్చుకున్న ప్రతి పాఠానికీ ఫీజు ప్రాణాలతో కట్టాల్సి వచ్చింది. ఆ పాఠాలు కొన్ని మన పిల్లలకూ పనికొస్తాయని ఈ వ్యాసం.

గడియారాన్ని నమ్మిన రోజులు

మన దేశంలో మొదటి ప్రయాణికుల రైలు 1853 ఏప్రిల్ 16న బొంబాయిలోని బోరీ బందర్ నుంచి ఠాణా వరకు నడిచింది. ఆ రోజుల్లో ప్రపంచమంతటా రైళ్ళ మధ్య దూరాన్ని కాపాడింది ప్రధానంగా గడియారమే. ఒక బండి వెళ్ళాక ఇన్ని నిమిషాలు ఆగి, వెనక బండిని వదిలేవారు. ముందు బండి ఈపాటికి దాటిపోయి ఉంటుందని అంచనా. దాటిందో, దారిలో ఆగిపోయిందో గడియారానికి తెలియదు కదా!

ఆ అంచనా 1889 జూన్ 12న ఐర్లండ్‌లోని ఆర్మా దగ్గర తప్పింది. చర్చి ఆదివారపు బడి పిల్లలను, వాళ్ళ పెద్దలను విహారయాత్రకు తీసుకెళుతున్న బండి ఎత్తు ఎక్కలేక ఆగిపోయింది. సిబ్బంది బండిని రెండుగా విడదీశారు. ముందు పెట్టెలను ఇంజనుతో లాగించి, వెనక పెట్టెలకు తర్వాత తిరిగి వద్దామనుకున్నారు. వెనక పెట్టెలు వాలులో జారడం మొదలుపెట్టాయి. కాస్త వ్యవధి ఇచ్చి వదిలిన మరో బండి అప్పటికే అదే పట్టా మీద ఎదురుగా వస్తోంది. దాదాపు 80 మంది చనిపోయారు. వాళ్ళలో పిల్లలు చాలామంది.

బ్రిటిష్ పార్లమెంటు అదే ఏడాది చట్టం చేసింది. ముందు బండి ఆ సెక్షన్ దాటిందని ఖాయమయ్యాకే వెనక బండిని వదలాలి. సిగ్నళ్ళు, పట్టాలు మార్చే పాయింట్లు ఒకదానికొకటి తాళం పడి ఉండాలి. పెట్టెలు విడిపోతే వాటంతట అవే పడే బ్రేకులు ఉండాలి. ఈ మూడింటికి కావలసిన యంత్రాలు అప్పటికే ఉన్నాయి. కొన్ని కంపెనీలు వాడుతున్నాయి కూడా. తక్కినవాళ్ళకు ఖర్చు ఎక్కువనిపించింది.

"కాదు" అనగలిగిన యంత్రం

ఆ యంత్రాల్లో నాకు అన్నిటికంటే ఇష్టమైనది లివర్ ఫ్రేము. పాయింట్లు, సిగ్నళ్ళు కలిసి పనిచేసే ఏర్పాటుకు ఇంగ్లండ్‌లో జాన్ శాక్స్‌బీ 1856లో పేటెంటు తీసుకున్నాడు. తర్వాత అతని కంపెనీ శాక్స్‌బీ అండ్ ఫార్మర్ కలకత్తాలో కూడా కర్మాగారం పెట్టింది. పాత కేబిన్లలో వరసగా నిలబెట్టిన ఇనుప లివర్లను మీలో కొందరైనా చూసి ఉంటారు.

ఆ లివర్ల అడుగున ఇనుప పట్టీలు, వాటిలో గాళ్ళు, గాళ్ళలో కూర్చునే ముక్కలు ఉంటాయి. పాయింటు లూప్ లైను వైపు తిరిగి ఉంటే మెయిన్ లైను సిగ్నల్ లివర్ కదలదు. కేబిన్‌మన్ ఎంత బలవంతుడైనా, ఎంత తొందరలో ఉన్నా, పై అధికారి పక్కన నిలబడి ఆజ్ఞాపించినా అది కదలదు. అంతకుముందు యంత్రాలు మనిషి చెప్పింది చేసేవి. ఇది మనిషి తప్పు చెబితే "కాదు" అంటుంది.

దీనికి తోడు మరో సూత్రం ఉంది. పాత చేతి సిగ్నల్ తీగ తెగితే, ఆ చెయ్యి బరువు వల్ల తనంతట తానే అడ్డంగా నిలిచి "ఆగు" అని చెబుతుంది. యంత్రానికి జబ్బు చేస్తే అది బండిని ఆపాలి తప్ప పొమ్మనకూడదు. సిగ్నల్ ఇంజనీర్లందరికీ మొదటి రోజు చెప్పే పాఠం ఇది. ఆ పాఠం చెప్పే పెద్ద బడి మన సికింద్రాబాద్‌లోనే ఉంది. 1957లో మొదలైన రైల్వే సిగ్నల్, టెలికాం శిక్షణ సంస్థ ఇరిసెట్ దేశం మొత్తానికీ సిగ్నల్ ఇంజనీర్లను తయారుచేస్తోంది.

బెత్తం రింగు, ఉక్కు బంతి

ఒకే పట్టా మీద రెండు దిక్కుల నుంచీ బళ్ళు నడిచే చోట చిక్కు ఇంకా పెద్దది. 1874 సెప్టెంబర్ 10 రాత్రి ఇంగ్లండ్‌లోని నారిచ్ దగ్గర థార్ప్ అనే చోట రెండు బళ్ళు ఎదురెదురుగా గుద్దుకుని 25 మంది చనిపోయారు. అక్కడ టెలిగ్రాఫ్ ఉంది, నిబంధన ఉంది, మనుషులూ ఉన్నారు. అవతలి స్టేషన్ నుంచి మెయిలును వదలమనే సందేశాన్ని, పంపవలసిన అధికారి సంతకం లేకుండానే, టెలిగ్రాఫ్ గుమాస్తా పంపేశాడు. పంపమన్నది నిజమా కాదా అన్నది తర్వాత వాదులాట. ఇవతలి నుంచి ఎక్స్‌ప్రెస్ బయలుదేరిపోయింది. సంగతి తెలిసి ఆపమని తంతి కొట్టేసరికి, మెయిలు వెళ్ళిపోయిందని జవాబు వచ్చింది.

దీని తర్వాత 1878లో ఎడ్వర్డ్ టయర్ అనే ఇంజనీరు ఒక పరికరం తెచ్చాడు. రెండు స్టేషన్లలో రెండు పెట్టెలు, వాటి మధ్య విద్యుత్ సంబంధం. అవతలి మాస్టరు ఒప్పుకుంటేనే ఇవతలి పెట్టెలోంచి ఒక బిళ్ళ బయటికి వస్తుంది. ఆ బిళ్ళ చేతిలో ఉన్న డ్రైవరుకే పట్టా మీద హక్కు. ఒకటి బయట ఉన్నంతసేపు రెండో బిళ్ళ ఏ పెట్టెలోంచీ రాదు. రెండు నోళ్ళ మధ్య ఉండే మాటను చేత్తో పట్టుకునే వస్తువుగా మార్చాడన్నమాట.

మన దేశంలో దీనికి దగ్గరి చుట్టం నీల్స్ బాల్ టోకెన్ పరికరం. ఇందులో బిళ్ళకు బదులు ఉక్కు బంతి. మన తరం వాళ్ళకు దీన్ని గుర్తుచేయనక్కర్లేదు. స్టేషన్‌లో ఆగని మెయిలు వచ్చే వేళకు పాయింట్స్‌మన్ పెద్ద బెత్తం రింగు పట్టుకుని నిలబడేవాడు. ఇంజనులోంచి చాచిన చెయ్యి దాన్ని అందుకుని, పాత రింగును ప్లాట్‌ఫారం మీదికి విసిరేసేది. మాస్టారి చేతిలో బెత్తం చూసి పారిపోయే మనం, ఆ బెత్తాన్ని చూడ్డానికి మాత్రం పరుగెత్తేవాళ్ళం. ఆ రింగుకు కట్టిన తోలు సంచిలో ఉండేది ఆ ఉక్కు బంతే. రెండు స్టేషన్ల పేర్ల అక్షరాలు దాని మీద చెక్కి ఉంటాయి. పక్క సెక్షన్ బంతి ఈ పరికరంలో పట్టకుండా వాటికి వేర్వేరు తీరులు ఉండేవి.

స్టేషన్ మాస్టరు గదిలో జరిగేది మనకు కనిపించేది కాదు. ఆయన గంట కొట్టి అవతలి స్టేషన్‌ను పిలిచి బండికి అనుమతి అడుగుతాడు. తన వైపు దారి ఖాళీగా ఉందని చూసుకుని అవతలి మాస్టరు తన పరికరం పిడిని "బండి వస్తోంది" వైపు తిప్పుతాడు. అప్పుడే ఇవతలి పిడి "బండి వెళుతోంది" వైపు తిరిగి బంతి బయటికి దొర్లుతుంది. ఇద్దరిలో ఏ ఒక్కరు ఒప్పుకోకపోయినా బంతి పడదు, బండి కదలదు.

దీనితో పాటు ప్రైవేట్ నంబరు అనే పద్ధతి ఒకటుంది. ప్రతి మాస్టరు దగ్గరా, గేట్‌మన్ దగ్గరా వరుస లేని అంకెలున్న కాగితం ఉంటుంది. "గేటు వేశావా?" అని ఫోనులో అడిగితే "వేశాను" అంటే చాలదు. తన కాగితంలోని తర్వాతి అంకె చెప్పి దాన్ని కొట్టేయాలి. విన్నవారు దాన్ని రిజిస్టరులో రాసుకోవాలి. ఊఁ అనడం తేలిక. గేటు వేసి వచ్చి, కళ్ళద్దాలు సర్దుకుని అంకె చదవాలంటే మనిషి మనసు అక్కడ ఉండాలి. అందుకే ఆ అంకె.

ఈ ఏర్పాట్లేవీ లేని చోట ఏం జరుగుతుందో మాసాయిపేట చెప్పింది. 2014 జులై 24న మెదక్ జిల్లాలోని ఆ ఊరి దగ్గర, కాపలా లేని గేటు వద్ద బడి బస్సును రైలు ఢీకొంది. పదిమందికి పైగా పిల్లలు పోయారు. అక్కడ యంత్రమూ లేదు, మనిషీ లేడు. బోర్డు ఒక్కటే ఉంది. బ్రాడ్‌గేజ్ మీద కాపలా లేని గేట్లన్నిటినీ 2019 జనవరి చివరికల్లా తొలగించారు. ఆర్మా పిల్లల తర్వాత చట్టం వచ్చినట్టే ఇదీ. పిల్లలు పోకముందే మేలుకోవడం మనం ఇంకా పూర్తిగా నేర్చుకోలేదు.

మీట నొక్కితే సరిపోతుందా?

ఇరవయ్యో శతాబ్దంలో యంత్రం స్టేషన్ గదిలోంచి ఇంజనులోకి వచ్చింది. ఇంగ్లండ్‌లో గ్రేట్ వెస్టర్న్ రైల్వే 1906 నుంచే, డ్రైవరు సిగ్నల్ దగ్గరికి రాగానే ఇంజనులో గంట మోగడమో, హెచ్చరిక కూత వేయడమో జరిగే ఏర్పాటును ప్రయోగించింది. 1952 అక్టోబర్ 8న లండన్ శివార్లలోని హ్యారో స్టేషన్ ప్రమాదంలో 112 మంది చనిపోయాక, అలాంటి ఏర్పాటును బ్రిటన్ రైళ్ళన్నిటికీ విస్తరించడం ఊపందుకుంది.

దాని తీరు ఇది. ముందు సిగ్నల్ పచ్చగా ఉంటే గంట మోగుతుంది. పసుపు గాని ఎరుపు గాని అయితే హారన్ మోగుతుంది. డ్రైవరు ఒక మీట నొక్కి "చూశాను" అని ఒప్పుకోవాలి. నొక్కకపోతే బ్రేకులు పడతాయి. బాగానే ఉంది కదా! చిక్కల్లా పసుపుకీ ఎరుపుకీ ఒకటే హారన్ కావడం. రద్దీ లైనులో బండి వెనక బండి నడుస్తుంటే ప్రతి సిగ్నలూ పసుపే. హారన్, మీట, హారన్, మీట. కొన్నాళ్ళకు చెయ్యి నొక్కడం నేర్చుకుంటుంది, మనసు వేరే చోట ఉండడం నేర్చుకుంటుంది.

1989 మార్చి 4న పర్లీ దగ్గర ఐదుగురు చనిపోయారు. 1999 అక్టోబర్ 5న లండన్‌లోని ల్యాడ్‌బ్రోక్ గ్రోవ్ దగ్గర 31 మంది చనిపోయారు. రెండు చోట్లా బండి ఎర్ర సిగ్నల్ దాటింది. రెండు చోట్లా హారన్ మోగింది. రెండు చోట్లా డ్రైవరు మీట నొక్కాడు. ఆ మీట నొక్కడంతో ఆ యంత్రం పని అయిపోయింది. "నువ్వు చూశానన్నావు కాబట్టి ఇక నీ ఇష్టం" అని పక్కకు తప్పుకుంది.

ఉక్కు బంతికీ ఈ మీటకూ తేడా ఇక్కడే ఉంది. బంతి పడాలంటే ఇద్దరు మనుషులు తమ తమ చోట్ల దారి చూసి ఒప్పుకోవాలి. మీటకు ఒక్క వేలు చాలు. మొదటిది మనిషిని పనిలో ఉంచింది, రెండోది మనిషిని వేలుగా మార్చింది.

జపాన్ రైల్వేవాళ్ళు దీనికి ఒక దేశీ మందు కనిపెట్టారు. సిగ్నల్ కనిపించగానే డ్రైవరు దాని వైపు వేలు చూపించి, దాని రంగు పైకి చెబుతాడు. చూసేవాళ్ళకు నవ్వు వస్తుంది. అక్కడి రైల్వే పరిశోధన సంస్థ చేసిన ప్రయోగంలో, ఊరికే చేసినప్పుడు 100 పనులకు 2.38 తప్పులు జరిగితే, వేలు చూపి పైకి చెప్పినప్పుడు 0.38కి తగ్గాయి. మన లోకో పైలట్, సహాయకుడు కూడా సిగ్నల్ రాగానే చెయ్యెత్తి ఒకరికొకరు పైకి చెప్పుకుంటారు. ఎక్కాలు పైకి చెప్పించిన మన మాస్టార్లకు ఈ శాస్త్రం ఏ ప్రయోగశాలా చెప్పకముందే తెలుసు!

బహనగా బజార్

ఇక మన కాలానికి వద్దాం. ఇప్పుడు లివర్లు పోయాయి. స్టేషన్ మాస్టరు ముందు కంప్యూటర్ తెర ఉంది. దారి ఎంచుకుంటే పాయింట్లు తిరగడం, తాళం పడడం, సిగ్నల్ పచ్చబడడం క్షణాల్లో జరిగిపోతాయి. అడుగున ఉన్న సూత్రం మాత్రం శాక్స్‌బీ నాటిదే.

2023 జూన్ 2 సాయంత్రం ఒడిశాలోని బహనగా బజార్ స్టేషన్‌లో చెన్నై వెళ్ళే కోరమండల్ ఎక్స్‌ప్రెస్‌కు మెయిన్ లైను పచ్చ సిగ్నల్ ఇచ్చారు. పాయింటు మాత్రం లూప్ లైను వైపు ఉంది. లూప్‌లో ఇనుప ఖనిజం నింపిన గూడ్సు నిలబడి ఉంది. 290 మందికి పైగా పోయారు. విశాఖకూ విజయవాడకూ వచ్చే బండి అది. ఆ రాత్రి మన ఊళ్ళలో ఎన్ని ఇళ్ళు ఫోన్ల దగ్గర కూర్చున్నాయో మనకు తెలుసు.

"కాదు" అనవలసిన యంత్రం "ఔను" ఎందుకంది? గేటు దగ్గరా, సిగ్నల్ గుమ్‌టీలోనూ తీగల కలయికలు మార్చినప్పుడు జరిగిన లోపమని రైల్వే భద్రతా కమిషనర్ విచారణ తేల్చింది. పాయింటు ఒక వైపు ఉంటే, మరో వైపు ఉందని యంత్రానికి కబురు అందింది. యంత్రం అబద్ధమాడలేదు, తనకు చెప్పిన అబద్ధాన్ని నమ్మింది. డ్రైవరు పచ్చదీపాన్ని నమ్మాడు. అతను నమ్మకపోతే రైళ్ళే నడవవు.

ఆ నివేదికలో నన్ను ఎక్కువగా కలచివేసిన సంగతి మరొకటి. అదే ఖరగ్‌పూర్ డివిజన్‌లోని బాంక్రానయాబాజ్ స్టేషన్‌లో 2022 మే 16న తప్పు వైరింగు వల్ల ఇలాంటి సంఘటనే జరిగింది. అప్పుడు ఎవరికీ ఏమీ కాలేదు. దాన్ని పట్టించుకుని సరిదిద్దే చర్యలు తీసుకుని ఉంటే బహనగా జరిగేది కాదని కమిషనర్ రాశారు. యంత్రం ఏడాది ముందే చెయ్యెత్తి ప్రశ్న అడిగింది. క్లాసులో ఎవరూ దాని వైపు చూడలేదు.

కవచం, దాని వెనక మనం

ఇవాళ రైల్వేలో అందరి నోటా వినిపిస్తున్న మాట కవచ్. ఇది మన గడ్డ మీద పెరిగిన బిడ్డ. ప్రయాణికుల రైళ్ళ మీద తొలి ప్రయోగాలు 2016 ఫిబ్రవరిలో దక్షిణ మధ్య రైల్వేలో మొదలయ్యాయి. తయారుచేసిన మొదటి మూడు కంపెనీలూ హైదరాబాద్‌వే. 2020లో దీన్ని జాతీయ రైలు రక్షణ వ్యవస్థగా స్వీకరించారు. 2022 మార్చి 4న గుల్లగూడ, చిట్‌గిడ్డ స్టేషన్ల మధ్య ఎదురెదురుగా నడిపిన పరీక్షలో, రైల్వే మంత్రి ఉన్న ఇంజను అవతలి ఇంజనుకు 380 మీటర్ల దూరంలో తనంతట తానే ఆగింది. 2024 నాటికి దక్షిణ మధ్య రైల్వేలో 1,465 కిలోమీటర్ల మేర ఇది అమర్చి ఉంది.

పట్టాల మధ్య బిగించిన చిన్న ట్యాగులు బండి ఎక్కడుందో చెబుతాయి. రేడియో ద్వారా సిగ్నల్ సమాచారం ఇంజనుకు అందుతుంది. ముందు ఎరుపు ఉంటే ఎంత దూరంలో ఎంత వేగం ఉండాలో లెక్కవేసి, డ్రైవరు తగ్గించకపోతే తనే బ్రేకు వేస్తుంది. ల్యాడ్‌బ్రోక్ గ్రోవ్‌లోలా మీట నొక్కించుకుని తప్పుకోదు. ఇది గొప్ప మెట్టు. కాని ఒక మాట చెప్పాలి. కవచ్‌కు సిగ్నల్ సంగతి చెప్పేది కింద ఉన్న ఇంటర్‌లాకింగే. అక్కడ తీగ తప్పు కలిపితే, కవచ్ కూడా ఆ తప్పునే నమ్ముతుంది. యంత్రం మీద యంత్రం పెట్టుకుంటూ ఎంత ఎత్తుకు వెళ్ళినా, అన్నిటికంటే కింద ఒక మనిషి స్క్రూడ్రైవరు పట్టుకుని కూర్చుని ఉంటాడు. అతనికి పరీక్షించడానికి తగిన సమయం ఇచ్చామా, అతను "ఏదో తేడాగా ఉంది సార్" అంటే విన్నామా, భద్రత అంతా అక్కడే ఉంటుంది.

మన ఇళ్ళలోని టోకెను

ఇదంతా రైళ్ళ సంగతి, మనకెందుకంటారా? మీ ఫోనుకు వచ్చే ఓటీపీ ఏమిటనుకున్నారు? అది మన గేట్‌మన్ ప్రైవేట్ నంబరే. "ఈ పనికి నేను ఒప్పుకుంటున్నాను" అనడానికి గుర్తు. తెలియని వాళ్ళకు ఓటీపీ చదివి వినిపించడమంటే, ఎదురు బండి వస్తుండగా టోకెను ఇచ్చేయడమే. పదవీ విరమణ డబ్బు ఇలా పోగొట్టుకున్న పెద్దలు మన ఊళ్ళోనూ ఉన్నారు. అది వాళ్ళ తెలివితక్కువతనం కాదు. ఆ అంకె దేనికో వాళ్ళకు ఎవరూ కూర్చోబెట్టి చెప్పలేదు. స్టేషన్ మాస్టరుకు నెలల తరబడి శిక్షణ ఇచ్చాకే ఆ కాగితం చేతిలో పెడతారు. మనకు ఫోనుతో పాటే ఇచ్చేశారు.

చదవకుండా "అంగీకరిస్తున్నాను" అని నొక్కే ప్రతి గడీ ఇంగ్లండ్ డ్రైవరు మీటకు తోబుట్టువే. రేపు కృత్రిమ మేధ మన పిల్లలకు వ్యాసం రాసి పెడుతుంది, డాక్టరుకు రోగం పేరు చెబుతుంది, "సరేనా?" అని అడుగుతుంది. అలాంటి యంత్రం ఏది వచ్చినా నేను మూడు ప్రశ్నలు అడుగుతాను. దానికి జబ్బు చేస్తే ఆగుతుందా, పరుగెత్తుతుందా? నన్ను ఆలోచింపజేస్తోందా, వేలు మాత్రమే అడుగుతోందా? అది తేడాగా ప్రవర్తించిన రోజున చెబితే వినే మనిషి ఉన్నాడా?

మన సంఘంలో ఇంజనీర్లు, బ్యాంకువాళ్ళు, రిటైరైన ఉపాధ్యాయులు ఉన్నారు. సంఘం తరఫున ఏడాదికి ఒకసారి బడిలో ఒక పూట కూర్చుని, తొమ్మిది, పది తరగతుల పిల్లలకు వాళ్ళ చేతిలోని ఫోను ఏం అడుగుతోందో, ఎందుకు అడుగుతోందో చెబితే బాగుంటుంది. వాళ్ళు ఇంటికి వెళ్ళి తాతలకూ అమ్మమ్మలకూ చెబుతారు. నా వంతుగా నేను వస్తాను. నల్లబల్ల, సుద్దముక్క ఉంటే చాలు.